ఏడో నంబరు నెత్తురు

ఇది ఈ ఏడాదే, రెండువేల ఆరు మే నెలలో జరిగింది. బుక్కరాయసముద్రం దారిలో ఉన్న మా పరిశోధన కేంద్రం వెనకవైపు ఒక చీకటి గది ఉంది. కిటికీలకు నల్ల గుడ్డ, తలుపు సందులకు నల్ల టేపు. మేం నెత్తుటి నమూనాలకు కలిపే రంగులు వెలుతురు పడితే వెలిసిపోతాయి. అందుకే బయట ఎండ మండిపోతున్నా ఆ గదిలో కంటి ముందు చెయ్యి పెట్టుకున్నా కనిపించదు. ఆరేళ్లుగా అక్కడ పనిచేస్తున్నాను. అంతవరకు ఎప్పుడూ భయం వెయ్యలేదు.

నాకు ఉన్నదల్లా కుళ్లు. రూతు మీద. దాచి లాభం లేదు. కిడ్నీ క్యాన్సర్ ఉన్నవాళ్ల నెత్తుట్లో మాత్రమే గట్టిగా పలికే, అంటే చురుగ్గా పనిచేసే, జన్యువు కోసం ఆరేళ్లు వెతికాను. నొప్పి మొదలుకాకముందే జబ్బును పట్టించే గుర్తు అది. రెండేళ్ల కిందట వచ్చిన పిల్ల, నన్ను నోరారా "రేఖక్కా" అని పిలిచే పిల్ల, దాన్ని నా కళ్లముందే పట్టేసింది. ఆ రోజు మా కేంద్రం పెద్ద సారు అందరికీ మైసూర్‌పాకు పంచారు. నా ముక్క బయట కుక్కకు వేశాను.

ఇక ఒక్క పరీక్ష మిగిలింది. పన్నెండు గొట్టాల్లో పన్నెండుమంది నెత్తురు. ఆరుగురు రోగులు, ఆరుగురు ఆరోగ్యంగా ఉన్నవాళ్లు. ఏది ఎవరిదో రూతుకు తెలియదు, వయసూ ఆడో మగో తప్ప. అసలు జాబితా నా దగ్గరే ఉంటుంది. పన్నెండూ సరిగ్గా చెబితే ఆ జన్యువు ఆమె పేరుతో అచ్చవుతుంది. ఒక్కటి తప్పినా సారు మళ్లీ మొదటికి రమ్మంటారు.

ఏడో గొట్టం తిప్పయ్యది. బత్తలపల్లె దగ్గర చెనక్కాయ రైతు, ఆ ఆరుగురు రోగుల్లో ఒకడు. ఆయన నెత్తురు తీసింది నేనే. "నాకెట్లాగూ ఆలస్యమైపోయినాది తల్లీ. ఇంగొకరికన్నా పనికొస్తాది. జాగ్రత్తగా పెట్టు," అన్నాడు. పదో రోజు చనిపోయాడు.

ఆ నెత్తుటిని చీకటి గదిలోని సింకులో పారబోశాను. బ్లీచింగ్ వేసి కడిగాను. నా చేతి నుంచి నెత్తురు తీసి, కొత్త గొట్టంలో నింపి, ఏడో నంబరు చీటీ అంటించాను. జబ్బులేని నా నెత్తుట్లో ఆ జన్యువు పలకదు. రోగికి జబ్బు లేదని రూతు చెబుతుంది. దాంతో ఆమె పని అయిపోతుంది. ఆ రాత్రి హాయిగా నిద్రపట్టింది.

మూడు రోజుల తర్వాత, మధ్యాహ్నం మూడింటికి, పన్నెండు నమూనాలకు రంగు కలిపి పరిచిన గాజు పలకలు పట్టుకుని ఇద్దరం చీకటి గదిలోకి వెళ్లాం. కాసేపటికే కరెంటు పోయింది. స్కానరూ కంప్యూటరూ బ్యాటరీ మీద నడుస్తున్నాయి. ఫ్యాను ఆగింది. అప్పుడు వచ్చింది వాసన... ఎండిన చెనక్కాయ కట్టె, బీడీ పొగ. వాటి వెనక ఘాటుగా బ్లీచింగ్.

"అక్కా, ఏందో వాసనొస్తాండాది," రూతు గుసగుసగా అంది.

"ఏం లేదు. పని చూడు."

సింకు కింద పైపులో గుడగుడమంది. ఎవరో గొంతు సవరించుకుంటున్నట్టు.

మొదటి ఆరు పలకలూ రూతు సరిగ్గానే చెప్పింది. ఏడోది స్కానరులో పెట్టింది.

"ఇది మగాయనది. మగ చుక్క కూడా చూస్తా అక్కా. గొట్టాలు తారుమారైంటే తెలిసిపోతాది."

పలక మీద ఒక్కో చుక్క ఒక్కో జన్యువుది, అది ఎంత గట్టిగా పలికితే చుక్క అంత ఎర్రగా వెలుగుతుంది. వాటిలో ఒకటి మగవాళ్ల నెత్తుటికే వెలుగుతుంది. ఆడవాళ్లకు ఆ జన్యువే ఉండదు. ఆరేళ్లు ఈ పని చేసి, కుళ్లుతో కళ్లు మూసుకుపోయి, ఆ సంగతే మరిచాను. మగవాడి పేరున ఆడదాని నెత్తురు పెట్టాను. ఇప్పుడు దొరికిపోతాను...

తెర మీద చుక్కలు వరుసలు వరుసలుగా తేలుతున్నాయి. నా చెవి పక్కన వెచ్చగా ఊపిరి.

"నా నెత్తురు యాడ పోసినావమ్మా?"

రూతు తెరనే చూస్తోంది. ఆమెకు వినపడలేదు.

"యాడ పోసినావు?"

"సింకులో..." నా పెదాలు వాటంతటవే కదిలాయి.

"ఏమక్కా?"

"ఏం లేదు."

మగ చుక్క వచ్చింది. ఎర్రగా. దాని కింద రూతు కనిపెట్టిన జన్యువు. అదీ ఎర్రగానే.

"మగాయనదే. జబ్బుండాది," అంది రూతు. ఏడో నంబరు ఎదురుగా కాగితం మీద రాసుకుంది.

మిగతావీ చూశాక పన్నెండూ నా జాబితాతో సరిపోయాయి. సారు రూతు తల మీద చెయ్యి పెట్టి ఆశీర్వదించారు. ఆ గొంతు విన్నాక కూడా నాకు భయం కంటే ముందు కుళ్లే వచ్చింది. తర్వాత నన్ను నేనే సముదాయించుకున్నాను. తిప్పయ్య తన నెత్తురు తాను తెచ్చిపెట్టుకున్నాడేమో. పోనీలే, ఆయనది ఆయనకు చేరింది.

కానీ ఉండబట్టలేకపోయాను. ఎవరూ లేని ఒక ఆదివారం నా చేతి నుంచి మళ్లీ నెత్తురు తీశాను. ఆ గొట్టాన్ని కంటి ముందు నుంచి కదలనివ్వలేదు. నేనే రంగు కలిపి, నేనే పలకను స్కానరులో పెట్టాను.

మగ చుక్క వెలిగింది. నా నెత్తుట్లో. దాని కింద రెండోది, రూతు కనిపెట్టిన జన్యువుది కూడా.

ఆసుపత్రిలో స్కానింగ్ తీయించుకున్నాను. కిడ్నీలు రెండూ బాగున్నాయన్నారు. నిజమేమో. లేదా రూతు జన్యువు వాళ్ల కంటే ముందే చూస్తోందేమో. ఆమెను అడగాలి. అడిగితే ఏం చేశానో చెప్పాలి. చెప్పలేక ప్రతి ఆదివారం ఒక్కదాన్నే వెళ్లి పరీక్ష చేసుకుంటున్నాను.

ఇప్పటికి నాలుగుసార్లు. మగ చుక్క ఎప్పుడూ ఒకేలా ఉంటోంది. రెండోది మాత్రం వారం వారం ఇంకాస్త ఎర్రబడుతోంది.