పంపు హౌస్ తలుపు

ఢాం!

వందల బాతులు ఒక్కసారిగా నీళ్ళ మీంచి లేస్తాయి. చీకటంతా రెక్కల చప్పుడు.

డోర్కాస్ పరిగెడుతోంది. ఆమె గుప్పిట్లో అన్నయ్య విలియం చెయ్యి.

ఆ చెయ్యి ఉన్నట్టుండి బరువెక్కుతుంది!

"అన్నయ్యా!"

విలియం బోర్లా పడిపోతాడు. తొడ మీద ప్యాంటు చిరిగిపోయింది. వేళ్ళ సందుల్లోంచి వెచ్చగా నెత్తురు...

"ఆగకే... నువ్వు పో!"

"నోరు మూసుకో అన్నయ్యా."

చంకల కింద చేతులేసి లాగుతుంది. జమ్ము గడ్డిలోకి. మోకాలి లోతు బురదలోకి. చున్నీ తీసి తొడకి బిగించి కడుతుంది. విలియం తన పిడికిలి తానే కొరుక్కుంటాడు... అరవకుండా!

గట్టు మీద టార్చి లైటు. రెండు నీడలు.

"తగిలిందా రాజేంద్రా?"

"తగిలింది గిరీష్ భయ్యా. పక్కా."

"పక్కా అయితే శవం ఏదిరా? వెతుకు!"

అరగంట క్రితం వరకూ ఇది సరదా ప్రయాణం.

డోర్కాస్ కాకినాడలో జువాలజీ లెక్చరర్. నాగపూర్‌లో సెమినార్‌కి వెళ్తోంది. దుర్గ్‌లో బండి మారాలి. మధ్యలో ఒక్క పగలు ఖాళీ. అక్కడికి దగ్గర్లోనే రిసాలిలో ఉంటున్న పెదనాన్న కొడుకు విలియం, స్టీల్ ప్లాంటులో క్రేన్ ఆపరేటర్, ఊరుకోలేదు.

"స్టేషన్‌లో కూర్చుని ఏం చేస్తావే? నందిని ఖదాన్ చూపిస్తా రా. సున్నపురాయి తవ్వేసిన గోతులన్నీ ఇప్పుడు చెరువులే. ఈ చలికి ఎక్కడెక్కడి పక్షులో దిగుతాయి. నీకు పిచ్చెక్కిపోద్ది!"

తెల్లవారకముందే స్కూటర్ మీద వచ్చారు. గట్టు చాటున నక్కి కూర్చున్నారు, వెలుగు కోసం.

ముందు టార్చి వెలుగొచ్చింది.

నీళ్ళకి అడ్డంగా వల. వలలో తన్నుకుంటున్న బాతులు. మెడలు విరిచి గోతాల్లో కుక్కుతున్న ఇద్దరు మనుషులు. అంతలో ఖాకీ చొక్కా ఒకటి పరిగెత్తుకుంటూ వచ్చింది. ఫారెస్ట్ గార్డు. వయసు పాతిక కూడా ఉండదు. వల పట్టుకుని లాగాడు.

గిరీష్ అనేవాడు గొడ్డలి ఎత్తాడు.

ఒక్కటే దెబ్బ!

డోర్కాస్ అరిచింది. ఆ అరుపే కొంప ముంచింది.

ఇప్పుడు ఫోన్ లేదు. ఆమెది నీళ్ళలో పడిపోయింది. విలియంది స్కూటర్ డిక్కీలో ఉంది. స్కూటర్ వాళ్ళ అవతల ఉంది.

"అదిగో... ఆ చివర..." విలియం గొంతు పీలగా వస్తుంది. "పంపు హౌస్. వాచ్‌మన్ ఉంటాడు."

"నిన్నొదిలి ఎలా వెళ్ళను?"

"ఇక్కడే కూర్చుంటే ఇద్దరం పోతాం. వెళ్ళవే తల్లీ... ప్లీజ్!"

గడ్డి వంచి అతని మీద కప్పుతుంది. నుదుటి మీద ముద్దు పెడుతుంది.

పరుగు!

కావాలనే గట్టు ఎక్కుతుంది. కావాలనే రాళ్ళు దొర్లిస్తుంది. వాళ్ళు తన వెంట పడాలి... అన్నయ్య వైపు వెళ్ళకూడదు!

"అదిగో పిల్ల! పకడో!"

టార్చి ఆమె వీపు మీద పడుతుంది. కంకర రాళ్ళు. ముళ్ళ పొదలు. ఒక చెప్పు ఊడిపోతుంది. అరికాల్లో ఏదో దిగుతుంది. ఆగదు.

రేకు తలుపు!

రెండు చేతులతో బాదుతుంది.

"తలుపు తీయండి! చంపేస్తున్నారు!"

తలుపు తెరుచుకుంటుంది. తెల్ల జుట్టు, మంకీ క్యాప్, చేతిలో కర్ర.

"తెలుగోలా? ఏటమ్మా... ఏటైంది?"

లోపలికి పడిపోతుంది. ముసలాయన గొళ్ళెం పెడతాడు. ఆమె కాలి నెత్తురు చూస్తాడు.

"మా అన్నయ్యని కాల్చారు బాబాయ్‌గారూ... జమ్ములో ఉన్నాడు... గార్డుని చంపేశారు... ఫోన్, ఫోన్ ఇవ్వండి!"

"సార్జింగు నేదు తల్లీ. కరెంటు పోయి సేనా సేపైంది. నువ్వు బయపడకు. నాను సినబాబుని. ఈ ఖదాన్లోనే పని సేసి రిటైరైనోన్ని, ఇప్పుడు కాపలాకున్నాను. నన్ను దాటి ఎవుడొస్తాడో సూద్దాం."

బయట అడుగుల చప్పుడు.

తలుపు మీద తుపాకి మడమ... ధన్!

"దర్వాజా ఖోల్!"

చినబాబు చేతిలో కర్ర జారిపోతుంది.

"బాబాయ్‌గారూ?"

ఆయన తలుపు అవతలి గొంతు వైపు వేలు చూపిస్తాడు.

"నా కొడుకు."

డోర్కాస్ వెనక్కి జరుగుతుంది. వీపు గోడకి తగులుతుంది. ఇంక జరగడానికి చోటు లేదు!

బయట గిరీష్ గొంతు. "మీ నాన్న కాపలా ఇక్కడే కదరా? లోపలున్నాడా?"

"లేడు భయ్యా. ఈ వారం డే షిఫ్ట్. లోపల ఆ పిల్లొక్కతే."

చినబాబు గుసగుసగా అంటాడు. "నిన్ననే డూటీ మార్సుకున్నాను. ఆడికి తెల్దు."

"మాట్లాడండి బాబాయ్‌గారూ! మీరని తెలిస్తే ఆగిపోతాడు!"

"నా కొడుకు ఆగుతాడమ్మా. ఆ రెండోవోడు ఆగడు. నాను గొంతెత్తితే ఆడు ఎనక్కి సుట్టి వొస్తాడు. ఎనక కిటికీ ఉంది, సువ్వ ఒకటి ఊడిపోనాది. కింద పైపు. దాని మీద్నుంచి దిగిపో. ఇద్దర్నీ ఈ తలుపు కాడే నిలబెడతాను."

"మరి మీరు?"

ఆయన వెళ్ళి తలుపుకి వీపు ఆనిస్తాడు. రెండు కాళ్ళూ నేలకి తన్నిపెడతాడు.

ధన్! ధన్! రేకు లోపలికి వంగుతుంది. ఆయన వీపు అదురుతుంది. నోట్లోంచి చిన్న మూలుగు కూడా రాదు.

"ఎల్లు!" కళ్ళతోనే అంటాడు.

డోర్కాస్ కిటికీ ఎక్కుతుంది. తుప్పు పట్టిన చువ్వ భుజం చీరేస్తుంది. ఒక కాలు పైపు మీద. రెండో కాలు...

"భలే గట్టిగా పట్టుకుంది భయ్యా!"

"పట్టుకోనీ. రేకేగా? కాల్చెయ్!"

కటక్... తూటాలు ఎక్కిస్తున్న చప్పుడు!

ఆమెకి అర్థమవుతుంది. చినబాబుకీ అర్థమవుతుంది. పక్కకి తప్పుకోవచ్చు. ఒక్క అడుగు చాలు!

ఆయన కళ్ళు మూసుకుంటాడు.

"వద్దు! కాల్చొద్దు! మీ నాన్న..."

ఢాం!

రేకులో గుప్పెడు చిల్లులు. చినబాబు మెల్లగా, గోడకి జారబడి కూర్చున్నట్టుగా, కిందకి జారుతాడు. రేకు మీద ఎర్రటి చార.

తలుపు ఆయన్ని తోసుకుంటూ తెరుచుకుంటుంది.

టార్చి వెలుగు నేల మీద తచ్చాడుతుంది. చెప్పుల మీద. పంచె మీద. ఊడిపోయిన మంకీ క్యాప్ మీద. తెల్ల జుట్టు మీద...

వెలుగు అక్కడే ఆగిపోతుంది.

"నాన్నా?"

రాజేంద్ర మోకాళ్ళ మీద పడతాడు. డబుల్ బ్యారెల్ తుపాకి ఇంకా చేతిలోనే ఉంది.

"నాన్నా... ఉఠో నా, లే... నువ్వెందుకున్నావిక్కడ? ఎందుకు మాట్లాడలేదు? నాన్నా!"

గిరీష్ వంగి చూస్తాడు. ఉమ్ముతాడు.

"ఏడుపు తర్వాత. పిల్ల ఏది?"

డోర్కాస్ పారిపోయి ఉండాల్సింది. కిటికీ చువ్వలు పట్టుకుని అలాగే చూస్తోంది.

గిరీష్ ఆమెని చూస్తాడు.

రెండంగల్లో కిటికీ దగ్గరికి వస్తాడు. జుట్టు పట్టుకుని లోపలికి గుంజుతాడు. చెంప చువ్వలకి కొట్టుకుంటుంది. నోట్లో నెత్తురు. గొడ్డలి లేస్తుంది. దాని అంచుకి గార్డు నెత్తురు ఇంకా అంటుకునే ఉంది!

"యేసయ్యా..."

ఢాం!

డోర్కాస్ కళ్ళు తెరవదు. చచ్చిపోయాననుకుంటుంది.

కానీ జుట్టు మీద పట్టు సడలుతుంది.

కళ్ళు తెరుస్తుంది. గిరీష్ చంక కింద నల్లగా, తడిగా ఉంది. నమ్మలేనట్టు తన చొక్కా వైపు చూసుకుంటున్నాడు. గొడ్డలి జారి నేల మీద ఖంగుమంటుంది. తర్వాత మనిషి.

రాజేంద్ర తుపాకి రెండో గొట్టంలోంచి పొగ వస్తోంది.

అతను తుపాకిని దూరంగా విసిరేస్తాడు. తండ్రి తల ఒళ్ళోకి తీసుకుంటాడు.

బయట తెల్లారుతోంది. లేచిపోయిన బాతులు ఒక్కొక్కటే మళ్ళీ నీళ్ళ మీద వాలుతున్నాయి.

"మా అన్నయ్య..." డోర్కాస్ చెరువు వైపు చెయ్యి చూపిస్తుంది. "జమ్ములో... బతికే ఉన్నాడు..."

రాజేంద్ర తలెత్తడు. జేబులోంచి ఫోన్ తీసి నేల మీద ఆమె వైపు తోస్తాడు.

"108కి ఫోన్ చెయ్ దీదీ. జల్దీ రమ్మను. దెబ్బలు తగిలినోళ్ళు ఇద్దరున్నారని చెప్పు."

ఆమె కిటికీలోంచి లోపలికి దిగి ఫోన్ అందుకుంటుంది. నెంబర్ నొక్కుతుంది. అవతల రింగ్ అవుతోంది.

రాజేంద్ర తండ్రి మెడ మీద వేళ్ళు పెట్టి చూస్తున్నాడు. తీసి మళ్ళీ పెడతాడు. ఇంకోవైపు పెడతాడు. చెవి ఆనిస్తాడు.

"హలో..." ఫోన్లో ఎవరిదో గొంతు.

"దీదీ..."

రాజేంద్ర చిన్నపిల్లాడిలా ఆమె వైపు చూస్తాడు.

"ఒక్కళ్ళే అని చెప్పు."