పెరట్లో ఐదో మనిషి

దోమల సర్వేకు వచ్చిన డాక్టర్ నఫీసా పెరటి గోడకు ట్యాబ్ ఆనించి, మూడు రోజుల్లో పట్టుబడిన రెండు వందల పన్నెండు దోమల జాతకం చదవడం మొదలుపెట్టింది. సాయంత్రం ఐదు దాటింది. ఇంటి పెద్దావిడ సత్యవాణి ఉయ్యాల బల్ల మీద కూర్చుంది. కొడుకు సుధీర్ ఆఫీసు నుంచి తొందరగా వచ్చాడు. కోడలు హిమబిందు చేతిలో నోటుబుక్కుతో నిలబడింది. ఆమె కాలేజీలో సోషియాలజీ చెబుతుంది. ఏది విన్నా రాసుకోవడం అలవాటు. కుళాయి దగ్గర గిన్నెల చప్పుడు అవుతోంది.

కాకినాడలో కాయిల్స్, లిక్విడ్లు పనిచేయడం మానేసి అప్పటికి ఆరేళ్లు. కాయిల్ పొగలోనే దోమలు కాపురాలు పెట్టుకున్నాయి. అందుకే ఇప్పుడు ట్రాప్ కొనాలంటే ముందు సర్వే చేయించాలి. సంగతి కష్టమైనదేం కాదు. మన చర్మం మీద బతికే బాక్టీరియా చెమటను తిని కొన్ని యాసిడ్లు తయారుచేస్తుంది. వాటి పాళ్లు ఏ ఇద్దరికీ ఒకేలా ఉండవు. దోమ ఆ తేడా పసిగట్టి, తనకు నచ్చిన మనిషిని వెతుక్కుంటుంది. ఎవరి వాసన నచ్చిందో తెలియాలంటే దాని కడుపులోని నెత్తురు చూడాలి. ఆ నెత్తుట్లో డీఎన్ఏ ఒకటి రెండు రోజుల వరకు చెడదు. సర్వే మెషీన్ ఆ డీఎన్ఏని ఇంట్లోవాళ్ల శాంపిళ్లతో పోల్చి, ఎవరి వాటా ఎంతో చెబుతుంది.

"నాదే ఎక్కువ ఉంటుంది చూడండి," అన్నాడు సుధీర్. "నా నెత్తురు తీపి. చిన్నప్పటి నుంచీ దోమలన్నీ నా మీదే."

"సుధీర్‌గారు నాలుగు శాతం," అంది నఫీసా.

సుధీర్ మొహం చిన్నబోయింది. "మెషీన్ సరిగ్గా చూసిందా అండీ?"

"పోనీలేరా," అంది తల్లి ఓదార్పుగా. "ఏసీలో ఉండేవాడివి, నీ దాకా ఎలా వస్తాయి."

"మీ అమ్మాయి మనస్వి ఆరు. సత్యవాణి గారు ఏడు. హిమబిందు గారు పదకొండు." నఫీసా ఆగింది. "మిగతా డెబ్బై రెండు శాతం ఒకే మనిషిది. ఆడమనిషి. నా దగ్గర ఆమె శాంపిల్ లేదు."

హిమబిందు మొగుడి వైపు చూసింది.

"నా వంక చూస్తావేంటి?" అన్నాడు సుధీర్.

"పక్కింటి పిల్ల అయ్యుంటుంది," అంది సత్యవాణి. "కరివేపాకు కోసమని చెట్టు దులిపేసి పోతుంది."

"కరివేపాకుకి రెండు నిమిషాలు చాలండి. ఈమె రోజూ గంటకి తక్కువ కాకుండా ఇక్కడే కూర్చుంటోంది."

"దొంగెవరైనా గోడ దూకి..." అంది సత్యవాణి.

"దూకిన దొంగ గంటసేపు కూర్చోదు కదండీ."

"కాస్త జరగండమ్మా, నీళ్లు పారబోయాలి," అని వెనకనుంచి ఎవరో అన్నారు.

నఫీసా కాళ్లు పక్కకు తీసుకుంది. ఆ తర్వాత మనిషిని చూసింది. నలభై ఐదేళ్లుంటాయి. మోచేతుల నుంచి మణికట్ల దాకా ఎర్రటి దద్దుర్లు.

"మీ పేరేంటమ్మా?"

"నూకరత్నం అండి."

"రోజూ వస్తారా?"

"పదకొండేళ్లనించండి. పొద్దున గంటన్నర, సాయంత్రం గంటన్నర. ఈ కుళాయి దగ్గరే."

నఫీసా ట్యాబ్‌లో ఫారం వెతికింది. 'ఇంట్లో గాని పెరట్లో గాని రోజూ గంటకు పైగా గడిపేవారి పేర్లు' అన్నచోట నాలుగు పేర్లు, హిమబిందు దస్తూరీలో. ఐదో గీత ఖాళీగా ఉంది.

పోయిన శనివారమే హిమబిందు 'లెక్కలోకి రాని శ్రమ' మీద నలభై నిమిషాలు మాట్లాడి వచ్చింది. ఇంట్లో ఎంతమంది ఉన్నారని అడిగితే ఆడవాళ్లను వదిలేసి చెప్పే మగవాళ్ల మీద ఆమె వేసిన విసురుకు హాలంతా చప్పట్లు కొట్టింది. ఇప్పుడు మెడ దగ్గర మొదలైన వేడి చెవుల దాకా పాకింది. మర్చిపోయాను అనబోయింది. మర్చిపోవాలంటే ముందు గుర్తుండాలి కదా.

నఫీసా దూది పుల్లతో నూకరత్నం చెంప లోపల తుడిచి మెషీన్‌లో పెట్టింది. నాలుగు నిమిషాల్లో ఐదో మనిషి దొరికింది.

"ఇదంతా నా నెత్తురేనా?" అంది నూకరత్నం తెర మీది ఎర్రగీతను చూసి. "పాపం, నా దగ్గర ఏం బలం ఉందనో."

"మీకెప్పుడైనా డెంగ్యూ వచ్చిందా?"

నూకరత్నం హిమబిందు వైపు చూసింది.

వచ్చింది. పోయిన ఆగస్టులో ఎనిమిది రోజులు ఆస్పత్రిలో ఉంది. తర్వాత పది రోజులకు మనస్వికి వచ్చింది. పిల్ల మంచం పక్కన కూర్చునే హిమబిందు కాలనీ వాట్సాప్ గ్రూపులో రాసింది: 'మా పనిమనిషి వాళ్ల పేట నుంచి డెంగ్యూ తెచ్చింది. పాపకు అంటుకుంది. ఆమె మీ ఇళ్లకు వస్తుంటే జాగ్రత్త.' పద్నాలుగో నెంబరు, ఇరవై రెండో నెంబరు ఇళ్లు మర్నాడే నూకరత్నాన్ని రావద్దన్నాయి. హిమబిందు మానిపించలేదు. అది తన మంచితనమని ఆమె ఇన్నాళ్లూ అనుకుంటూ వచ్చింది.

నఫీసా పెరటి మూలనున్న నీలం డ్రమ్ము మూత తీసింది. ఏసీల నుంచి కారే నీళ్లు మొక్కలకు పట్టి పెట్టే డ్రమ్ము అది. 'నీటి చుక్క వృథా చేయని ఇల్లు' అని గేటుకు స్టిక్కర్ కూడా ఉంది. నీళ్ల నిండా పిల్లదోమలు తోకలాడిస్తున్నాయి.

"డెంగ్యూ దోమకు మంచినీళ్లే ఇష్టం," అంది నఫీసా. "పుట్టిన చోటి నుంచి ఎక్కువ దూరం పోదు. పేట ఎంత దూరం?"

"కాలవ అవతలండి. నాలుగు కిలోమీటర్లు," అంది నూకరత్నం.

"అక్కడ కుట్టిన దోమ ఇక్కడికి రాదు. ఇక్కడి దోమకి వైరస్ అంటాలంటే జ్వరమున్న మనిషిని కుట్టాలి. ఈమెకంటే ముందు ఇంట్లో ఎవరికైనా జ్వరం వచ్చిందా?"

"నాకు... అది వైరల్," అన్నాడు సుధీర్.

"బెంగుళూరు నుంచి తెచ్చుకున్నాడు," అంది సత్యవాణి. "వారం లేవలేదు పాపం. సాయంత్రాలు ఇక్కడే ఉయ్యాల మీద కూర్చోబెట్టి జావ పట్టేదాన్ని."

"టెస్ట్ చేయించారా?"

"వైరలే కదండీ, టెస్టెందుకు?"

మగవాడు మంచమెక్కితే వైరల్. పనిమనిషి మంచమెక్కితే పేట. ఈ రోగనిర్ధారణకు ఏ మెషీనూ అక్కర్లేదు, ప్రతి ఇంట్లోనూ చేస్తారు.

"పోయినేటి సంగతి ఇప్పుడు ఖాయంగా చెప్పలేను," అంది నఫీసా. "కానీ ఈమె తెచ్చిందనడానికి నాకేం ఆధారం కనిపించలేదు. ఈమెకే ఇక్కడ అంటిందనడానికి ఇదిగో, డెబ్బై రెండు శాతం ఉంది."

ఆ తర్వాత ట్రాపుల సంగతి చెప్పింది. లైట్ ట్రాప్‌లో పడేవి దీపప్పురుగులు. గ్యాస్ ట్రాప్ మంచిదే గాని నెలకో సిలిండర్. "మీ పెరటికి సెంట్ ట్రాపే సరైనది. ఎర నూకరత్నం గారి వాసన. ఆమె సంతకం పెడితే తయారు చేయిస్తాను. ఏ ఇంటికి ఇవ్వాలన్నా విడిగా సంతకం కావాలి."

ఆ పేరుకు గారు తగలగానే సత్యవాణి ఎవరొచ్చారోనని గుమ్మం వైపు చూసింది.

"నా వాసన డబ్బాలో పెడతారా?"

"దోమలు నీ మీదికి రాకుండా దాని మీదికెళ్తాయి," అన్నాడు సుధీర్. "నీకే మంచిది. పెట్టెయ్ సంతకం."

నూకరత్నం చేతులు కొంగుకు తుడుచుకుంది. "పెడతానండి. పోయినేడు మేడంగారు ఫోన్లో పెట్టారు కదా, నేను జొరం తెచ్చానని. అందులోనే, అందరూ చూసేలాగా, తేలేదని పెట్టమనండి. నేను రోజూ ఆ రెండిళ్ల ముందు నించే రావాలి. నన్ను చూసి గేటు మూస్తారు. కుక్కక్కూడా మూయరు."

సుధీర్ భార్యతో మెల్లగా అన్నాడు, "నేను చెబుతాలే వాళ్లకి, కలిసినప్పుడు."

"కలిసినప్పుడు కాదండి," అంది నూకరత్నం. "ఫోన్లోనే."

హిమబిందు ఫోన్ తీసింది. 'కొన్ని కారణాల వల్ల ఒక అపోహ ఏర్పడింది' అని మొదలుపెట్టి చెరిపేసింది. 'శాస్త్రీయంగా పరిశీలించగా' అని రాసి, అదీ చెరిపేసింది. ఎన్నో వ్యాసాలు రాసిన చేతికి ఐదు వాక్యాలకే చెమటలు పట్టాయి.

"పైకి చదవండి మేడంగారూ. నాకు తెలియాలి కదా."

హిమబిందు తలెత్తకుండా చదివింది. "పోయిన ఆగస్టులో నూకరత్నం పేట నుంచి జ్వరం తెచ్చిందని నేను రాశాను. అది నిజం కాదు. తెలుసుకోకుండానే రాశాను. దోమలు మా డ్రమ్ములో పుట్టాయి, ఆమెను మా పెరట్లోనే కుడుతున్నాయి. ఆమెకంటే ముందు జ్వరం వచ్చింది నా భర్తకు."

"చివరిది అవసరమా?" అన్నాడు సుధీర్.

హిమబిందు పంపేసింది. డ్రమ్ము దగ్గరికెళ్లి తనే వంచేసింది. నీళ్లు సుధీర్ బూట్ల కింద నుంచి పారాయి. నూకరత్నం ఫారం మీద గుండ్రటి అక్షరాలతో, తొందర లేకుండా, పూర్తి పేరు రాసింది.

వారానికి ట్రాప్ వచ్చింది. దోమకాట్లు ఎక్కువ పడ్డ చోటే పెట్టాలట. అంటే కుళాయి పక్కన. "ఎండా వానా తగలకూడదండి, గ్యారంటీ పోతుంది," అన్నాడు బిగించే ఆయన. సుధీర్ ఆ సాయంత్రానికే సిమెంటు దిమ్మ కట్టించి, పైన రేకు వేయించాడు. నూకరత్నం చేతిలో గిన్నె పట్టుకుని ఆ రేకు వైపు చాలాసేపు చూసింది. పదకొండు వానాకాలాలు ఆమె నెత్తిన ఎరువుల సంచి కప్పుకుని అక్కడే కూర్చుంది. ఆమె చూడటం హిమబిందు చూసింది.

"ఇకనుంచి లోపల సింకులో తోము," అంది హిమబిందు.

"లోపలా?" అంది సత్యవాణి.

"సింకు నాకు ఎత్తవుతుందండి, భుజాలు లాగుతాయి," అంది నూకరత్నం. "ఆ రేకే ఇంకో రెండడుగులు ఇవతలకి వేయించుంటే సరిపోయేది."

రేకులాయన వానలు తగ్గాక వస్తానన్నాడు.

గ్రూపులో హిమబిందు మెసేజ్‌కి ముప్పై ఒక్క జవాబులొచ్చాయి. నూకరత్నం మాట ఎవరూ ఎత్తలేదు. ఏ మోడల్ అన్నారు. బిల్లు ఎంతొస్తుందన్నారు. వాసన పరీక్షలకు వేరే మనిషిని వెతకడం ఎందుకు, బాగా పనిచేసే వాసన ఉండగా అదే ఇప్పించమన్నారు. పద్నాలుగో నెంబరావిడ ఫారం పట్టుకుని స్వయంగా వచ్చింది. నూకరత్నాన్ని తన ఇంటికి పిలవాల్సిన పని లేకుండా, హిమబిందు పెరట్లోనే సంతకం పెట్టించుకుంది. పెన్ను తిరిగి తీసుకుంటూ, నూకరత్నం వేళ్లు తగలకుండా చివర పట్టుకుంది.

ఆమె వెళ్లాక వాన మొదలైంది. రేకు కింద మెషీన్ పొడిగా గుర్రుమంటోంది. దానికి రెండడుగుల ఇవతల నూకరత్నం సంచి కప్పుకుని కూర్చుంది. హిమబిందు గొడుగు తెచ్చి ఆమె మీద పట్టింది.

"వాళ్ల గేటు ఇంకా మూసే ఉంటోంది కదా," అంది. "ఎందుకు పెట్టావు సంతకం?"

నూకరత్నం మూకుడు బోర్లించి అడుగు మసి గీకుతూ అంది. "వాసననైతే రానిచ్చారు కదండీ. ముందు దానికి అలవాటు పడనీండి."