మిషను తొక్కని మడమ

"నిజం చెప్పు! నాకు తెలియకుండా దానికి దొంగచాటుగా ఏం పెడుతున్నావు?"

అత్తగారు కత్తెరను బల్ల మీద విసిరికొట్టిన చప్పుడుకి కోడలి గుండె ఝల్లుమంది. బల్ల మీద కత్తిరించిన స్కూలు యూనిఫారాల గుడ్డ, దాని మీద సుద్దగీతలు, వాటి మధ్యలో మనవరాలి స్కూలు పంపిన ఆ కాగితం! పరుగుపందేల జట్టులోకి తీసుకునే ముందు పిల్లలందరికీ స్కూల్లో రక్తపరీక్షలు చేయించారు. అందులో చెడ్డ కొలెస్ట్రాల్ అని రాసి ఉన్నచోట రెండు వందల ముప్పై ఎనిమిది అన్న అంకె చుట్టూ ఎవరో ఎర్రసిరాతో సున్నా చుట్టారు. కింద ఒక్క వాక్యం. 'వెంటనే డాక్టరుకు చూపించండి.'

"నేనేమీ పెట్టలేదు అత్తయ్యా... మీ కళ్ళ ముందే కదా వండుతున్నాను..."

"నంగనాచి కబుర్లు చెప్పకు! నా కొడుకుని తిన్నది చాల్లేదా? ఇప్పుడు దీన్ని కూడా మింగుతావా?"

మూలన బూట్ల తాళ్ళు విప్పుకుంటున్న పద్నాలుగేళ్ళ పిల్ల తలెత్తింది. ఇంట్లో అందరూ దాన్ని పిచ్చుక అంటారు. గాలివేస్తే ఎగిరిపోయేలా ఉంటుంది మరి.

"నానమ్మా, అమ్మనెందుకు అంటావు? నాకు కొవ్వెక్కిందని లెక్కల టీచర్ ఎప్పటినుంచో మొత్తుకుంటోంది. మీరే నమ్మలేదు!"

"నోర్ముయ్యి పిచ్చుకా! నవ్వులాటగా ఉందా నీకు?"

పిల్ల నవ్వలేదు. తల్లి వైపు చూసింది. ఆ చూపులో భయం ఉంది...

తొమ్మిదేళ్ళు! తొమ్మిదేళ్ళుగా ఆ ఇల్లాలు మోస్తున్న నింద అది! ఆ రోజు ఉదయం భర్త తనే నోరు తెరిచి అడిగాడు, నూనెలో ఎర్రగా వేయించిన బంగాళదుంపలు తినాలనుందని. చేసిపెట్టింది. ఇష్టంగా తిన్నాడు. మధ్యాహ్నం మిషను మీద చొక్కా కాలరు కుడుతూ కుడుతూ అలాగే ముందుకు వాలిపోయాడు... ముప్పై ఏడేళ్ళు! గుండె ఆగిపోయిందన్నారు. ఏడుస్తూనే అత్తగారు వంటింట్లోకి వెళ్ళి మూకుడు చూసింది. అడుగున ఇంకా నూనె ఉంది. అంతే! ఆ క్షణంలో తీర్పు అయిపోయింది. బట్టలు కుట్టించుకోవడానికి వచ్చిన ప్రతి మనిషికీ, కొలతలు తీసుకుంటూ తీసుకుంటూ అదే కథ చెప్పింది, "నా కోడలి చేతి నూనె నా కొడుకుని మింగింది" అని. ఆడపడుచైతే వదినతో మాట్లాడటమే మానేసింది. కోడలు ఎవరికీ ఎదురు చెప్పలేదు. ఎలా చెబుతుంది? తనకీ అదే అనుమానం కదా! నిజంగా నేనే చంపుకున్నానా అని ఎన్నిసార్లు దిండులో మొహం దాచుకుందో ఆ దిండుకే తెలుసు. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో అన్నీ ఉడకబెట్టినవే. నూనె బొట్టు పొయ్యి దరిదాపులకు రాలేదు. నా పిల్లని మాత్రం కాపాడుకుంటాను అనుకుంది. తొమ్మిదేళ్ళు కంటికి రెప్పలా కాపాడుకుంది. ఇప్పుడీ అంకె!

మర్నాడు పిల్లని తీసుకుని గుండె డాక్టరు దగ్గరికి ఒక్కతే వెళ్ళింది. అత్తగారు రానంది. "నువ్వు చేసిన ఘనకార్యం నువ్వే విని రా" అని మిషను ముందు కూర్చుంది.

డాక్టరమ్మ రిపోర్టు చదివింది, పిల్లని చూసింది, మళ్ళీ రిపోర్టు చదివింది. "ఏం తింటావమ్మా?" అని అడిగింది.

"ఉడకబెట్టినవి," అంది పిచ్చుక. "మా ఇంట్లో ఆసుపత్రి వంట, డాక్టర్ గారూ. మీరొక్కసారి తింటే పేషెంట్లకి పెట్టడం మానేస్తారు."

డాక్టరమ్మ నవ్వింది గానీ వెంటనే ఆ నవ్వు ఆగిపోయింది. పిల్లని బల్ల మీద బోర్లా పడుకోమంది. మడమ వెనక, పైకి వెళ్ళే గట్టి నరాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని మెల్లగా నొక్కింది. రెండో కాలు కూడా.

"ఇక్కడ మందంగా ఉంది. చిన్న గడ్డలా తగులుతోంది. ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా?"

తల్లి దగ్గరికి వచ్చి వేలు పెట్టి చూసింది. ఆ వేలికి అది కొత్త కాదు! అత్తగారికి రోజూ కాళ్ళు పట్టే వేళ్ళవి.

"ఇది... ఇది మిషను కాయండీ. మా ఇంట్లో అలాగే అంటాం. ఏళ్ళ తరబడి మిషను తొక్కితే మడమ దగ్గర కాయ కాస్తుంది. మా అత్తయ్యకి ఉంది, పెద్దది. మా వారికీ ఉండేది... కాయ కాయనివాడు దర్జీయే కాదని మా అత్తయ్య మురిసిపోయేది."

"మరి ఈ పిల్ల మిషను తొక్కుతుందా?"

"లేదండీ! వాళ్ళ నాన్న పోయాక అత్తయ్య దీన్ని మిషను దగ్గరికే రానివ్వలేదు."

"మీరు తొక్కుతారా?"

"తొమ్మిదేళ్ళుగా... పొద్దస్తమానం..."

"మీకు కాయ ఉందా?"

ఆమె వంగి తన మడమ తడుముకుంది. లేదు! తన మడమ నున్నగా ఉంది! ఇన్నేళ్ళు తొక్కినా లేదు!

డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి లాక్కుంది. "అమ్మా, అది మిషను వల్ల వచ్చిన కాయ కాదు. రక్తంలో ఎక్కువైన కొవ్వు ఏళ్ళ తరబడి అక్కడ పేరుకుంటే అలా గట్టిపడుతుంది. గుండె రక్తనాళాల్లోనూ అదే పేరుకుంటుంది, కానీ అది పైకి కనపడదు. మన కాలేయం ఉంది చూశారూ, దానికి చిన్న చిన్న తలుపులు ఉన్నాయనుకోండి. రక్తంలో తిరిగే చెడ్డ కొవ్వును అవి లోపలికి లాగేస్తాయి. కొన్ని కుటుంబాల్లో ఆ తలుపుల్లో చాలా భాగం పుట్టుకతోనే పనిచేయవు. తల్లికో తండ్రికో ఉంటే బిడ్డకి వచ్చే అవకాశం సగానికి సగం. సన్నగా ఉన్నారా, లావుగా ఉన్నారా అని అది చూడదు. మంచి తిండి మంచిదే, మానద్దు. కానీ ఉడకబెట్టిన కూరలతో మూసుకుపోయిన తలుపులు తెరుచుకోవు. దీనికి మాత్రలు కావాలి. రోజూ. ఆపకుండా."

"అయితే మా ఆయన... నేను పెట్టిన... ఆ రోజు తిన్న..."

"ఒక పూట తిన్న తిండికి రక్తనాళం మూసుకుపోదమ్మా. ఆయన పుట్టిన రోజు నుంచీ మూసుకుపోతూ వచ్చి ఉంటుంది. అప్పుడే ఒక్క రక్తపరీక్ష చేయించి ఉంటే..."

తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అయినా ఆగలేదు. తొమ్మిదేళ్ళ ఏడుపు ఆ చిన్న గదిలో, ఆ తెల్లటి గోడల మధ్య, కూతురి ముందే భళ్ళున బద్దలైంది! పిచ్చుక బల్ల దిగి తల్లి నడుం చుట్టూ చేతులు వేసింది.

"అమ్మా... నేను కూడా నాన్నలాగే..."

"లేదు తల్లీ!" అంది డాక్టరమ్మ తల్లికంటే ముందే. "మీ నాన్నకి ఎవరూ చెప్పలేదు. నీకు పద్నాలుగేళ్ళకే తెలిసింది. మాత్రలు మానకుండా వేసుకుంటే ఆ ప్రమాదం చాలావరకు తగ్గుతుంది. పరుగు పందెం సంగతి గుండె పరీక్షలన్నీ చూశాక చెబుతాను. రేపు ఉదయం ఇంకోసారి రక్తం ఇవ్వాలి, మొదటిది పొరపాటేమో చూడాలి కదా. మీ అమ్మా, నానమ్మా కూడా ఇవ్వాలి."

ఇంటికొచ్చాక మాత్రల మాట ఎత్తగానే అత్తగారు ససేమిరా అంది. "పద్నాలుగేళ్ళ పిల్లకి జీవితాంతం మాత్రలా? నేనొప్పుకోను! వంటావిడ తప్పు చేస్తే పిల్ల మాత్రలు మింగాలా?"

"వంశంలో ఉంటుందట అత్తయ్యా. అందరం రక్తం ఇమ్మన్నారు."

"ఇస్తాను! ఎందుకివ్వను! అరవై ఆరేళ్ళొచ్చాయి నాకు, ఒక్క రోజు మంచం ఎక్కానా? మెట్లెక్కితే కాస్త గ్యాస్ పట్టేస్తుంది, అంతే. నా రక్తం బంగారం! అప్పుడు తేలుతుంది, ఈ పాపిష్టి రోగం ఎవరి పుట్టింటినుంచి వచ్చిందో!"

ఆ సాయంత్రం పిచ్చుక నానమ్మ పక్కన కూర్చుని డాక్టరు మడమ ఎలా నొక్కిందో చూపించింది. పిల్ల మడమని ఒళ్ళో పెట్టుకుని ముసలామె చాలాసేపు తడుముతూ ఉండిపోయింది. ఆ పూట ఉడకబెట్టిన కూరకి వంక పెట్టకుండా తిని లేచింది. ఆవిడ తిట్టకుండా గడిచిన పూట ఆ ఇంట్లో అదే మొదటిది!

ఉదయం ముగ్గురూ పరగడుపున వెళ్ళి రక్తం ఇచ్చారు. మర్నాడు రిపోర్టులు తేవడానికి కోడలే వెళ్ళింది. ల్యాబ్ మెట్ల మీదే నిలబడి మూడు కాగితాలూ విప్పింది. ఇప్పుడు ఏ వరుస చూడాలో ఆమెకు తెలుసు. పిచ్చుకది, రెండు వందల ముప్పై ఐదు. తనది, తొంభై ఆరు. అత్తగారిది... రెండు వందల అరవై రెండు!

జనం ఒరుసుకుంటూ పోతున్నారు. ఆమెకు ఎవరూ కనపడటం లేదు. చెప్పవచ్చు! ఈ కాగితం ఆవిడ మొహాన కొట్టి నోరారా చెప్పవచ్చు, 'మీ కొడుకుని మింగింది నా నూనె కాదు, మీ రక్తం!' అని. తొమ్మిదేళ్ళుగా ప్రతి రాత్రీ ఇలాంటి ఒక్క మాట కోసమే కదా దేవుణ్ణి అడిగింది! కానీ... నడుస్తూ నడుస్తూ వీధి మలుపులో ఆగిపోయింది. ఇదే మాట రేపు ఎవరైనా నాతో అంటే? నీ కూతురికి నువ్వే చావుని ఇచ్చి కన్నావని నాతో అంటే నేను బతుకుతానా? ఆవిడ మాత్రం తల్లి కాదా?

గుమ్మంలో అడుగు పెట్టేసరికి నిర్ణయం అయిపోయింది.

"ఏం తేలింది?" అంది అత్తగారు మిషను ఆపి.

"నాదే అత్తయ్యా... నా వైపు నుంచే వచ్చిందట పిల్లకి. మీకేమీ లేదు. వయసు కదా, బలానికి ఒక మాత్ర రాస్తారట, అది వేసుకుంటే చాలు."

ముసలామె లేచింది. నెమ్మదిగా వచ్చింది. వచ్చి కోడలి ముందు నేల మీద చతికిలబడి ఆమె పాదాన్ని రెండు చేతులతో పట్టుకుంది!

"అయ్యో! అత్తయ్యా! ఏమిటీ పని, మీరు నా కాళ్ళు పట్టుకోవడమేమిటి! లేవండి!"

"కదలకు."

ముసలామె వేళ్ళు మడమ వెనక తడిమాయి. ఒక కాలు. రెండో కాలు. నున్నగా ఉంది. ఎక్కడా ఏమీ లేదు. అవే వేళ్ళు తన మడమ మీదికి వెళ్ళి అక్కడే ఆగిపోయాయి.

"కాగితం ఇలా ఇవ్వు."

"అది ఇంగ్లీషులో ఉంటుంది అత్తయ్యా..."

"అంకెలే కదా! యాభై ఏళ్ళు టేపు పట్టుకున్నదాన్ని, అంకెలు చదవలేననుకున్నావా?"

చదివింది. ఎర్రసున్నా ఎవరూ చుట్టకపోయినా దొరికింది ఆ అంకె. కాగితం ఒళ్ళో పడిపోయింది.

"నేనే... వాడికి నేనే ఇచ్చానా? నా కడుపులోనే ఇచ్చానా!" గుండెల మీద బాదుకుంటున్న ఆ చేతుల్ని కోడలు గట్టిగా పట్టుకుంది.

"మీరు ఇవ్వలేదు అత్తయ్యా, వచ్చింది! మీకు మాత్రం ఎవరిచ్చారు? మీ నాన్నగారు నలభై నిండకుండానే నిచ్చెన మీంచి పడి పోయారంటారే... పడి పోయారో, పోయి పడ్డారో ఎవరు చూశారు? ఎత్తు వచ్చినట్టు, ముక్కు వచ్చినట్టు ఇదీ వచ్చింది. ఇందులో ఎవరి తప్పూ లేదు."

"మరి నిన్ను ఇన్నేళ్ళు నేనన్న మాటలు? అవి కూడా ఎవరి తప్పూ లేదంటావా?"

కోడలు కన్నీళ్ళు తుడుచుకుంది. మెల్లగా అంది:

"అవి రక్తంలోంచి రాలేదు అత్తయ్యా. మీ నోట్లోంచి వచ్చాయి."

కొడితే బావుండేది అన్నట్టు చూసింది ముసలామె. తర్వాత తల ఊపింది. కొంగుతో మొహం తుడుచుకుని, గోడ పట్టుకుని లేచి, మనవరాలిని పిలిచింది. "పిచ్చుకా, నీ మాత్రలేవో డాక్టరమ్మ చెప్పినట్టే వేసుకో. నేనూ వేసుకుంటాను, ఎవరు మానేస్తే వాళ్ళని ఇంకొకళ్ళు తిట్టాలి. ఇప్పుడు మీ అత్తకి ఫోను కలిపి పెట్టు. అందరికీ వినపడేలా పెట్టు."

ఫోన్లో కూతురి గొంతు వినపడగానే ఆవిడ మొదలుపెట్టింది.

"ఒసే, విను. మధ్యలో మాట్లాడకు. మీ అన్నయ్యని మీ వదిన చంపలేదే... వాడికది పుట్టుకతోనే ఉంది. నా నుంచే వచ్చింది. నా కాగితం నా చేతిలోనే ఉంది. వదిన మీద నీకు అన్నీ నూరిపోసింది నేనే కదా, అందుకే ఇది కూడా నేనే చెబుతున్నాను. రేపట్నుంచి మన కొట్టుకి వచ్చిన ప్రతి మనిషికీ చెబుతాను. నీకు కూడా ఉండొచ్చు. నీ పిల్లలకీ ఉండొచ్చు. పరీక్ష చేయించాలి."

అవతల వెక్కిళ్ళు. ఆ వెక్కిళ్ళ మధ్య, తొమ్మిదేళ్ళ తర్వాత మొదటిసారి, ఒక పిలుపు...

"వదినా... ఉన్నావా?"

అత్తగారు ఫోన్ కోడలి చేతిలో పెట్టింది. ఆమె క్షమించానని అనలేదు. అనడానికి ఇంకా మనసు రాలేదు. పక్కనున్న సుద్దముక్క అందుకుని, బల్ల మీది అట్టముక్క దగ్గరికి లాక్కుంది.

"ఉన్నాను. ఏడవకు... ముందు పిల్లల వయసులు చెప్పు, రాసుకుంటాను. రేపు పొద్దున్న ఏమీ తినిపించకుండా తీసుకురా. నేను ల్యాబ్ దగ్గరే నిలబడి ఉంటాను."