లెక్కకు ఎక్కువైన ముళ్లపంది

"నువ్వే కదూ?" అంది మార్గో, మూడు కాగితాలు బల్ల మీద పరుస్తూ.

ముళ్లపంది రెండు చేతులూ గుండెల మీద పెట్టుకుని, ఇంకెవరినో అంటున్నారేమోనని వెనక్కి తిరిగి చూసింది. ఆ తిరగడంలో వీపు మీది మెత్తటి ముళ్లు తగిలి కలాల డబ్బా కాస్తా కింద పడింది. మూడు రోజుల్లో ఇది నాలుగోసారి.

"నిన్నే! శుక్రవారం ఒక ముళ్లపంది, నిన్న ఒక ముళ్లపంది, ఇవాళ ఒక ముళ్లపంది. ముగ్గురికీ ఇరవై ఏడేళ్లే. ముగ్గురూ లైబ్రరీలో చిరిగిన పుస్తకాలు బాగుచేసేవాళ్లే. ముగ్గురి దస్తూరీ ఒకటే. నేనేమైనా వెర్రిదాన్లా కనిపిస్తున్నానా?"

ముళ్లపంది తల అడ్డంగా ఊపింది. మెడలోని బ్యాడ్జీ మీద 'పిన్నీసు' అని పేరు రాసి ఉంది.

పిట్స్‌బర్గ్‌లో వేసవిలో జరిగే ఫర్రీల సభ అది. మనుషుల్లా నడిచి మాట్లాడే జంతువుల కథలన్నా బొమ్మలన్నా వేషాలన్నా పడిచచ్చే జనం వాళ్లు. వాళ్లెవరు, వయసెంత, ఇందులోకి ఎలా వచ్చారు అని మార్గో తన థీసిస్ కోసం లెక్క తీస్తోంది. రెండింటికి బల్ల ఎత్తేయాలి. మూడింటికి ఆమె ఇంటికి పోయే క్లీవ్‌లాండ్ బస్సు. ఒకే మనిషి రెండు ఫారాలు రాశాడని తేలితే ప్రొఫెసర్ మొత్తం కట్టనే అవతల పారేస్తాడు. మూడు రోజుల కష్టం గంగలో కలుస్తుంది.

అసలే ఆమె ప్రాణం విసిగిపోయి ఉంది. వచ్చిన ప్రతి విలేఖరీ "వీళ్లందరూ వేషాల్లోనే బతుకుతారా?" అని అడిగేవాడే. "ఐదుగురిలో ఒకరికి ఉంటే గొప్ప. మిగతావాళ్లకి మీలాగే చొక్కా ప్యాంటూ" అని చెప్పీ చెప్పీ గొంతు బొంగురుపోయింది. సగం పైన పాతికేళ్లు దాటని పిల్లలు, కంప్యూటర్ల ముందు కూర్చునేవాళ్లు బోలెడుమంది, మగపిల్లల్ని ప్రేమించే మగపిల్లలూ తక్కువేం కాదు. నక్కలూ తోడేళ్లూ లెక్కలేనన్ని. ముళ్లపంది మాత్రం కంటికి కనిపించింది ఒక్కటే. ఫారాల్లో మూడున్నాయి.

"మాట్లాడవేం? నోరు లేదా?"

"లేదమ్మా, కుట్టేశాను" అంటూ వెనకనుంచి ఒక పెద్దావిడ వచ్చింది. చేతిలో పొడుగాటి స్ట్రా పెట్టిన నీళ్ల సీసా. "నేను లోరెట్టాని. వీడు మా వాడు వెండెల్. పిన్నీసు మాట్లాడదు తల్లీ. ఏడేళ్లయింది, వేషం వేశాక ఒక్క ముక్క అనలేదు. వాడి పాత్ర అంత."

"అయితే తల తీసి మాట్లాడమనండి."

"నలుగురిలోనా? పసిపిల్లలు తిరుగుతుంటేనా? ముళ్లపంది లోపల మనిషున్నాడని చూపిస్తారా ఎవరైనా?"

మార్గో నెత్తి పట్టుకుంది.

"ఈ ఫర్రీల సందడి ఎక్కడ మొదలైంది అని కూడా అడిగావుగా ఫారంలో" అంది లోరెట్టా, కుర్చీ లాక్కుని. "నన్నడుగు. ఎనభైల్లో కాలిఫోర్నియాలో సైన్స్ ఫిక్షన్ సభలకి పోయేవాళ్లం. అందరూ రాకెట్లు గీస్తుంటే మేం నక్కల్ని గీసేవాళ్లం. నవ్వేవాళ్లు. నవ్వితే నవ్వారని ఓ హోటల్ గదిలో చేరి, బొమ్మల పుస్తకాలు చేతులు మార్చుకునేవాళ్లం. ఇలాంటి గదులు ఇంకెన్ని ఉన్నాయో నాకు తెలీదు. నాకు మాత్రం అక్కడే మొదలైంది. వీళ్ల నాన్నా అక్కడే దొరికాడు. మూడు రోజులు నా పుస్తకంలో బొమ్మలు వేసిచ్చాడే కానీ నోరు విప్పితే ఒట్టు."

"అంటే ఈ జబ్బు వంశపారంపర్యమా?"

"నువ్వు ఆఖరి ప్రశ్నకి వీడి జవాబులు చూసినట్టు లేదు."

మార్గో చూడలేదు. 'ఈ రోజు ఇక్కడికి ఎందుకు వచ్చారు?' అన్నది ఆ ప్రశ్న.

శుక్రవారం: స్నేహితుల కోసం.

శనివారం: నిన్న కలాల డబ్బా పడేసినందుకు క్షమాపణగా నిమ్మరసం ఇద్దామని.

ఆదివారం: బల్ల దగ్గరి అమ్మాయి ఇవాళ వెళ్లిపోతుంది కాబట్టి.

మార్గో చెవులు వేడెక్కాయి. నిన్న ఆ నిమ్మరసం తాగాక, సాయంత్రమంతా గుంపులో ముళ్ల కోసం వెతికిన సంగతి గుర్తొచ్చి మరీ ఒళ్లు మండింది.

"ఇది చెప్పడానికి నా లెక్కే దొరికిందా నీకు!"

తలలు తీసి సేదతీరడానికి వేషగాళ్లకి విడిగా గది ఉంది. వాకిలి దగ్గర లోరెట్టా ఎవరితోనో మాట్లాడి మార్గోని లోపలికి తోసింది. పెద్ద ఫ్యాన్ ముందు వెండెల్ తల తీశాడు. జుట్టంతా తడిసి నుదుటికి అతుక్కుంది. కళ్లు మాత్రం బాగున్నాయి. అదీ ఆమెకి కోపమే తెప్పించింది.

"చెప్పు."

"నేను..."

"ఊఁ, నువ్వు?"

"ఫ్యాన్ బాగా తిరుగుతోంది కదా."

"తల ఉంటే మాట్లాడవు, తల తీసినా మాట్లాడవు! ఒకటిన్నరయింది నాయనా!"

విసురుగా వచ్చేసి కాగితాలు సర్దుకోసాగింది. ఏడుపొస్తోంది, దేనికో తెలుసు, ఒప్పుకోవడమే ఇష్టం లేదు.

వెనకే ముళ్లపంది పరుగెత్తుకొచ్చింది, తల పెట్టుకుని. బల్ల ముందు నిలబడి రొప్పింది. అప్పుడు లోపల్నుంచి, దుప్పటి కింద మాట్లాడినట్టు, ఒక గొంతు వచ్చింది.

"ఆదివారాలు నేను క్లీవ్‌లాండ్ రావచ్చా?"

పక్కనున్న నక్క చేతిలోంచి కప్పు జారిపోయింది. తోడేళ్లు నోళ్లు తెరుచుకుని చూశాయి.

"ఏడేళ్ల పాత్రని మంటగలిపాడు" అంది లోరెట్టా కళ్లు తుడుచుకుంటూ. "వాళ్ల నాన్న కంటే నయం. ఆయనకి నాలుగో రోజు దాకా పట్టింది."

మార్గో శుక్రవారం ఫారం కట్టలో పెట్టింది. శనివారంది అడ్డంగా కొట్టేసింది. ఆదివారంది మడిచి తన సంచిలో దాచుకుంది. ముళ్లపంది ఒక్కటే, లెక్క సరిపోయింది.

తర్వాత ఒక ఖాళీ ఫారం తీసుకుంది. "నేను రాసుకునేదాన్నే, మీలో దాన్ని కాను" అని మూడు రోజులుగా అందరికీ చెప్పిన మనిషి, 'మీకిష్టమైన జంతువు' దగ్గర ముళ్లపంది అని రాసింది. చివరి ప్రశ్నకి కూడా జవాబు రాసి, కాగితం అతని బొచ్చు చేతిలో పెట్టింది.

"ఇది లెక్కలోకి రాదు. నీ దగ్గరే ఉంచుకో."

ముళ్లపంది ఆ కాగితం కళ్లకి దగ్గరగా పెట్టుకుని చదివింది.

'ఒకడితో తగువు పెట్టుకోవడానికి వచ్చాను. ఇంకా తీరలేదు. వచ్చే ఆదివారం రా. తల తెచ్చుకోవడం మర్చిపోకు.'