భాగ్యమ్మ పిలిస్తే వచ్చిన పిల్లి

తెల్లవారింది. భాగ్యమ్మ కొబ్బరి చిప్పలో కాసిని బర్రెపాలు పోసి తన గది గడప పక్కన పెట్టి, దానికి వీపు తిప్పి కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది. వెనక్కి తిరిగి చూడకూడదు. చూస్తే పిల్లి పోతుంది. ఈ ఒక్క సంగతి నేర్చుకోవడానికి ఆమెకు చాలా పాలు ఖర్చయ్యాయి.

అది మామూలు పిల్లి కాదు. బూడిద రంగు, ఎడమ చెవి సగమే. మిగతా సగం ఏమైందో గోపన్‌పల్లిలో ఎవర్ని అడిగినా ఒక కథ తయారుగా ఉండేది. పక్కింటి రుక్కమ్మ లెక్కన అది నానక్‌రామ్‌గూడ గుట్టల మీద చిరుతపులితో మూడు రోజులు కొట్లాడింది. దీనికి అర చెవి పోతే పులికి రెండు చెవులూ మీసాలూ పోయాయి. ఆ సిగ్గుతో పులి వికారాబాద్ అడవులకు వెళ్ళిపోయిందని రుక్కమ్మ తన బిడ్డ మీద ఒట్టు వేసేది. నిజమో అబద్ధమో గానీ, ఆ ఏడు యూనివర్సిటీ వాళ్ళు గుట్టల చుట్టూ గోడ కడుతుంటే ఒక్క కూలీకైనా పులి కనిపించలేదు. అంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

గోడ మీద కూర్చుని కిందివాళ్ళను జాగీర్దారు భార్యలా చూసేది గనక భాగ్యమ్మ దానికి బేగం అని పేరు పెట్టింది. మొదటి నెల పాలు గోడ మీదే పెట్టింది. ఆమె ఇంట్లోకి వెళ్ళాక గానీ బేగం మూతి పెట్టలేదు. రెండో నెల చిప్ప గోడ కిందికి దిగింది. మూడో నెల బట్టలుతికే బండ దగ్గరకు వచ్చింది. నాలుగో నెలకు గడప. ఇన్నాళ్ళలో భాగ్యమ్మ దాన్ని ఒక్కసారి కూడా ముట్టుకోలేదు. కిందటి శుక్రవారం మాత్రం పాలు తాగాక అది పోకుండా, ఆమె వీపుకు ఆనుకుని, మూతి నాక్కుంటూ కాసేపు కూర్చుంది. భాగ్యమ్మ ఊపిరి బిగబట్టి కూర్చున్నది. ఆ పూట ఆమె కూరలో ఉప్పు రెండుసార్లు వేసింది.

ఆ ఇల్లు ఆమె తమ్ముడు ఎల్లేశంది. ఇరవై మూడేళ్ళ వయసులో భర్త పోతే, పదిహేనేళ్ళ ఎల్లేశం కచ్చడం బండి కట్టుకుని వెళ్ళి అక్కను తెచ్చుకున్నాడు. ఇప్పటికి ఇరవై రెండేళ్ళు. బర్రెలు పిండేది ఆమె, వండేది ఆమె, అతని కొడుకు వీరేశాన్ని పెంచింది ఆమె. కానీ ఇంట్లో ఎవరైనా మంచి పని మీద బయలుదేరుతున్నారంటే మాత్రం ఆమె తన వెనక గదిలోకి పోయి తలుపు వేసుకునేది. భర్త లేని ఆడది ఎదురు రాకూడదు కదా. వాళ్ళు వాడకట్టు దాటాక తీసేది. అలా చెయ్యమని ఎవరూ చెప్పలేదు. వద్దని కూడా ఎవరూ చెప్పలేదు.

ఆ రోజు వీరేశం ఇంటర్వ్యూ. సనత్‌నగర్‌లో ఒక ఫ్యాక్టరీలో కుర్రాళ్ళకు పని నేర్పి ఉద్యోగం ఇస్తారట. లింగంపల్లి దాకా నడిచి ఏడున్నర రైలు అందుకోవాలి. ఇంతకుముందు రెండుసార్లు రెండు చోట్లకు పోయి ఉత్త చేతులతో తిరిగొచ్చాడు. రెండుసార్లూ అతను గుమ్మం దిగగానే బేగం అడ్డంగా ఉరికింది.

"వదినె," అంటూ ఎల్లేశం భార్య చంద్రమ్మ వెనక వాకిట్లోకి వచ్చింది. ఆమె వెనకే ఎల్లేశం. పిల్లి అప్పటికే గోడెక్కింది. "ఇయ్యాల పిలగాడు పోతుండు. నీకు తెల్వంది గాదు."

"తెలుసు. నా తలుపు నేనేసుకుంట."

"నీ గురించి గాదు వదినె, దాని గురించి."

భాగ్యమ్మకు చుర్రుమన్నది. "దానికేం తెలుసే ఇంటర్వ్యూ సంగతి? దానికి గూడ ఉత్తరం గిట్ల వచ్చిందా?"

"నువ్వట్లనే మజాక్ చెయ్యి. రెండుమాట్లాయె. మూడోమాటు గూడ పోతె పిలగాడు మన్నుల పడ్డట్టే."

ఎల్లేశం గొంతు తగ్గించాడు. "అక్కా, అది మాకెవ్వలకు దొరకది. నువ్వు పిలిస్తెనే వస్తది. జర లోపలికి పిలిచి తలుపేసుకో. పిలగాడు దాటినంక ఇడిసిపెడ్దువు."

"గంతేనా?"

"గంతే."

"మల్ల ఇంకేం చెయ్యరు కదా?"

"నా మీద నమ్మకం లేదా అక్కా?"

ఉన్నది. కాబట్టే భాగ్యమ్మ గదిలోకి వెళ్ళి, కింద కూర్చుని, నాలుకతో చిన్నగా చప్పుడు చేసింది. బేగం గోడ దిగింది. బండ దగ్గర ఆగింది. గడప దగ్గర ఆగింది. ముందు కాలు లోపల పెట్టి వెనక్కి తీసుకుంది. "రావే తల్లీ, నేనే కదా," అన్నది భాగ్యమ్మ. అది మొట్టమొదటిసారి గడప దాటింది. ఆమె మెల్లగా తలుపు మూసింది.

అంతలో ఇంటి లోపలి వైపు తలుపు ధన్‌మని తెరుచుకుంది. ఎల్లేశం చేతిలో గోనె సంచి.

ఎలా వేశాడో, ఎలా పట్టాడో చూసేలోపే సంచి మూతి బిగించాడు. లోపల పిల్లి అరిచిన అరుపు తెల్లాపూర్ దాకా వినిపించిందని అక్కడి చాకలి వాళ్ళు తరవాత చెప్పారు.

"ఎల్లేశా! ఏందిరా ఇది?"

"పరేషాన్ గాకు అక్కా. చంపుతలేను. తెల్లాపూర్ చెరువు అవతల ఇడిసొస్త. పీడ పోతది."

భాగ్యమ్మ రెండు చేతులతో సంచిని లాగింది. మూతి ఊడింది. బేగం బయటపడి, మొదట గోళ్ళకు చిక్కిన ఆమె ముంజేతినే మోచేతి దాకా గీరేసి, లోపలి తలుపులోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి చంద్రమ్మ కాళ్ళ మధ్య నుంచి ముందు గదిలోకి, అక్కడి నుంచి వీధి గుమ్మంలోకి దూసుకుపోయింది. గుమ్మం ముందు వీరేశం చెప్పులు తొడుక్కుంటున్నాడు. సరిగ్గా అతని ముందు నుంచి, ఎడమ నుంచి కుడికి, అడ్డంగా.

ఎవరి పాటికి వాళ్ళుంటే ఆ పిల్లి ఆ వేళ గోడ మీద నిద్రపోయేది. పట్టుకొచ్చి మరీ కొడుక్కి అడ్డం పంపుకున్నారు మన ఎల్లేశం గారు.

"అయిపాయె!" చంద్రమ్మ నెత్తి కొట్టుకుంది. "లోపలికి రా కొడుకా. కాళ్ళు కడుక్కో. మంచినీళ్ళు తాగి కూసో. జర ఆగి పోదువు." కళ్ళల్లో నీళ్ళు తిరుగుతుండగా ఆమె నోట్లోంచి ఆ మాట వచ్చేసింది. "ఈ ఇంట్ల ఎదురు రావద్దనేటివి రెండున్నయ్. ఒకదాన్ని లోపల్నే ఉంచుకుంటున్నం గదా, ఇగ రెండోదాన్ని గూడ సాకాల్నా?"

పొయ్యి మీద పప్పు ఒక్కటే ఉడుకుతోంది.

భాగ్యమ్మ ముందు గదిలోకి నడిచి వచ్చింది. ముంజేతి మీద నుంచి రక్తం కారుతోంది. మంచి పని మీద ఎవరైనా బయలుదేరే వేళ ఆమె ఆ గదిలో అడుగు పెట్టడం అదే మొదలు.

"మంచిగన్నవ్ చంద్రమ్మా. రెండే. పిల్లి అన్న గడప దాటి ఉరికింది. నేనే పోలే." ఆమె పైట చెంగుతో రక్తం అదుముకుంది. "నన్నెవ్వలు లోపలికి పొమ్మనలే. మీరనకముందే పోయిన. ఎందుకో ఎరికేనా? ఎవ్వలన్న అంటె ఇననీకి నాకు దమ్ము లేక. ఇయ్యాల ఇన్న. ఇగ దేనికి భయపడాలె?"

"అక్కా, అది ఏదో పరేషాన్ల..."

"నువ్వు మాట్లాడకు! వీన్ని బడికి పంపిన నాడు తానం చేపిచ్చింది నేను. తల దువ్వింది నేను. అంగీ గుండీలు పెట్టింది నేను. పెట్టి, మీ చేతులకిచ్చి, తలుపేసుకున్న. దువ్విన చెయ్యి మంచిదేనట, సాగనంపే మొకమే మంచిది గాదట! ఎవ్వడు రాసిండురా ఈ రాత?"

ఎల్లేశం తల వంచుకున్నాడు. సంచి ఇంకా చేతిలోనే ఉంది. కింద పడెయ్యాలని కూడా తోచలేదు అతనికి.

"నీకు పిల్లి వద్దంటే నాతో చెప్పి తరుముకో. కాని నాతోనెందుకు పిలిపిచ్చినవ్? నాలుగు నెలలు దాని దిక్కు సూడకుంట కూసున్నరా నేను. నా గొంతు ఇని వచ్చింది. ఇగ నేను పిలిస్తె అదెన్నడన్న వస్తదా? నేను నిన్ను నమ్మిన, అది నన్ను నమ్మింది. ఇద్దర్ని ఒక్క సంచిల ఏసినవ్."

"అవ్వా," అన్నాడు వీరేశం తల్లితో. అతను కాళ్ళు కడుక్కోలేదు, కూర్చోలేదు. "పిల్లి ఏం చెయ్యలే."

"నీకు తెల్వదు, నువ్వు కూసో," అన్నది చంద్రమ్మ.

"కూసుంటేనే పోయింది! మొదటిసారి గిట్లనే కూసోబెట్టిండ్రు, నీళ్ళు తాగిపిచ్చిండ్రు, మంచి గడియ రాలేదని ఆపిండ్రు. రైలు పోయింది. నేను చేరేసరికి గేటేసిండ్రు. రెండోసారి గూడ గంతే. నన్నెవ్వలు ఏమడగలే, నేను లోపలికే పోలే."

చంద్రమ్మ నోరు తెరుచుకుపోయింది. "మరి గా మాట చెప్పొద్దారా?"

"నీళ్ళు తాగిపిచ్చింది నువ్వాయె. ఎట్ల చెప్పాలె?" ఇరవై ఏళ్ళ కుర్రాడు చిన్నపిల్లాడిలా ముక్కు ఎగబీల్చాడు. మేనత్త వైపు తిరిగాడు. "అత్తా, రైలుకు యాళ్ళయితుంది. జర బైటికి పోయి ఎదురు రా."

భాగ్యమ్మ కదల్లేదు. వీరేశమే ఆమె మంచి చెయ్యి పట్టుకుని గుమ్మం దించాడు. ఆమె రుక్కమ్మ ఇంటి మూల దాకా వెళ్ళి, తిరిగి, నడిచి వచ్చింది. ఆ పది అడుగులూ ఆమెకు పది కోసుల దూరమయ్యాయి. మేనల్లుడు ఎదురొచ్చి, ఆమె పాదాలంటి, దాటిపోయాడు.

"ఉరుకురా!" అని అరిచింది భాగ్యమ్మ. "రైలు పోతది, ఉరుకు!"

ఆ రోజు రైలు అందింది. సాయంత్రం వీరేశం నవ్వుతూ వచ్చాడు. బేగం మాత్రం రాలేదు. మర్నాడూ రాలేదు. భాగ్యమ్మ చిప్పను మళ్ళీ గోడ మీదే పెట్టింది. పాలు విరిగిపోయేవి, కాకులు చిప్పను దొర్లించేవి. తమ్ముడితో ఆమె మాట్లాడటం మానేసింది. అన్నం పెట్టేది, నీళ్ళిచ్చేది, నోరు మాత్రం విప్పేది కాదు. "ఇంకెన్ని దినాలక్కా?" అని ఎల్లేశం అడిగితే గోడ వైపు చూపించి లోపలికి పోయేది.

పదిహేను రోజులకు ఫ్యాక్టరీ నుంచి ఉత్తరం వచ్చింది. వీరేశం ముందు గదిలో నిలబడి చదివాడు. తీసుకోలేదట.

భాగ్యమ్మ వింటూనే లేచి తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. ఎందుకు వెళ్ళిందో ఆమెకే తెలియదు. ఎదురు రమ్మన్నది వాడే అయినా, వచ్చింది తనే. ఇక చంద్రమ్మ ఏమంటుందో ఆమె మనసులో ముందే వినిపిస్తోంది.

చంద్రమ్మ తలుపు బాదింది. "వదినె, తియ్యి! ఎవలన్న సచ్చిండ్రా తలుపేసుకున్నవ్?"

తీసింది.

"వానికి లెక్కలిచ్చిండ్రట. భిన్నాలట. రాలే. భిన్నాలు రాకుంటే నువ్వేం చేస్తవ్? పిల్లేం చేస్తది? మల్లొచ్చే నెల ఇంకోటున్నదట, నేర్చుకొని పోతడు." అంతవరకూ గట్టిగానే అన్నది. అక్కడే తలుపు పట్టుకుని ఏడ్చేసింది. "గానాడన్న మాట... నోట్లెకెల్లి వచ్చింది వదినె. ఎన్కకు తీసుకుందామంటె వస్తలేదు."

"రాదు," అన్నది భాగ్యమ్మ. "నాకు యాదికుంటది. నీకు గూడ ఉండాలె." చంద్రమ్మ చెయ్యి పట్టుకుని, "పొద్దటి సంది ఏమన్న తిన్నవా?" అని అడిగింది. ఇద్దరూ ఒకే కంచం ముందు కూర్చున్నారు.

తమ్ముడి మీద కోపం మాత్రం అలాగే ఉంది. మరో వారానికి ఎల్లేశం ఎడ్లు కొనడానికి శంకర్‌పల్లి సంతకు బయలుదేరాడు. తలపాగా చుట్టి, కర్ర పట్టుకుని, గుమ్మం దిగి వీధిలో నిలబడిపోయాడు.

"అక్కా, సంతకు పోతున్న."

లోపల్నుంచి, "పో," అని వినిపించింది. ఇరవై రెండు రోజుల తరవాత ఆమె అతనితో అన్న మొదటి మాట అది.

"నువ్వు ఎదురొస్తెనే పోత."

"నాకింకా కోపం తగ్గలే."

"కోపంతోనే రా అక్కా." ఎల్లేశం కర్ర నేలకు ఆనించాడు. "తగ్గేదాంక నేనీడనే నిలవడ్త. ఎండెక్కినా సరే, ఎడ్లు పోయినా సరే. నా తప్పే. అబద్ధమాడి నీతో పిలిపిచ్చిన. నీకు మొకం సూపెట్టలేక సచ్చిపోతున్న."

భాగ్యమ్మ వచ్చింది. కోపంతోనే వచ్చింది. పైట బిగించి, వీధి మూల దాకా పోయి, మొహం ముడుచుకునే తిరిగి నడిచింది. ఎల్లేశం రెండు అడుగులు వేశాడో లేదో, రుక్కమ్మ ఇంటి పెంకుల మీద నుంచి బూడిద రంగుదేదో కిందికి దూకింది.

బేగం! చిక్కిపోయింది, తోక మీద బొచ్చు ఊడింది. ఎల్లేశానికి నాలుగు మూరల ముందు, నడివీధిలో, అడ్డంగా నిలబడింది.

గుమ్మంలో చంద్రమ్మ అలవాటు కొద్దీ, "లోపలికొచ్చి..." అని నోరు తెరిచి, చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఎల్లేశం ఆగాడు. దాని వైపు చూడకుండా తల పక్కకు తిప్పుకున్నాడు. అది నింపాదిగా దాటేదాకా నిలబడి, తరవాత వెనక్కి తిరక్కుండా సంత దారి పట్టాడు.

బేగం సగం చెవి ఆడిస్తూ భాగ్యమ్మ దగ్గరకు వచ్చింది. మూరెడు దూరంలో ఆగి కూర్చుంది. ఆమె పిలవలేదు. చెయ్యి చాపలేదు. చెంపల మీదుగా కన్నీళ్ళు కారి గడ్డం నుంచి టపటప రాలుతుంటే, తుడుచుకోవడానికి కూడా చెయ్యి కదపకుండా అలాగే నిలబడింది.