వీలునామాలో జూడిత్

శనివారం పొద్దున్నే పెసరట్ల పిండి డబ్బాతో కూతురింటికి వచ్చిన శశికళ, చెప్పులు విప్పకముందే అరవడం మొదలుపెట్టింది.

"మీ అత్తగారు ఏడింటికే ఫోన్ చేశారే భవితా! ఆ పేజీ తీసేయకపోతే పుస్తకం ప్రింట్‌కి ఇవ్వరట. పెళ్ళయి రెండేళ్ళు కాలేదు, అత్తింటి గుట్టు రచ్చకీడుస్తావా?"

అల్లుడు డానియెల్ వంశానికి మూలపురుషుడు థామస్ వెల్‌బర్న్. మూడు వందల ఏళ్ళ కిందట ఇంగ్లండ్‌లో ఓడెక్కి, ఈ నార్త్ కరోలినాకి వచ్చి స్థిరపడ్డాడు. తనుండే క్యారీ ఊళ్ళో తెలుగువాళ్ళ ప్రతి పార్టీలోనూ శశికళ ఆ సంగతి గొప్పగా చెప్పుకునేది. వచ్చే నెల వెల్‌బర్న్‌లందరూ కలిసే రీయూనియన్‌కి వంశచరిత్ర రాయమని కోడలికి పురమాయించింది కూడా ఆ అత్తగారే.

భవిత లాప్‌టాప్ తల్లివైపు తిప్పింది.

"ఆ పేజీలో ఉన్నది ఇదే, థామస్ వీలునామా. చదువు. మంచాలు నాలుగు, ఆవులు ఆరు, జూడిత్ అనే బానిస, ఆమె పిల్లలిద్దరు. ఆ పిల్లలు ఆయన పిల్లలే అమ్మా! వాళ్ళ వంశంలో లొరెట్టా అని ఒకావిడ, ఇక్కడికి దగ్గర్లోనే డర్హమ్‌లో ఉన్నారు. డెబ్బై నాలుగేళ్ళు. డానియెల్‌తో, వాళ్ళ నాన్నతో ఆవిడ డీఎన్ఏ మ్యాచ్ అయింది."

"అయితే? మట్టిలో కలిసిపోయినవాళ్ళ పాపాలు నీకెందుకు?"

"లొరెట్టా మట్టిలో కలవలేదు. నలభై ఏళ్ళుగా తనవాళ్ళ కోసం వెతుకుతున్నారు. రీయూనియన్‌కి రావచ్చా అని అడిగితే మా అత్తగారు ఏమన్నారో తెలుసా? ఆవిడ ఫ్యామిలీ కాదన్నారు!"

"ఒక్క పేరు లేకపోతే కొంపేం మునగదు!"

"మునగదు. వసుంధర పెద్దమ్మ పేరు మనింట్లో ఎవరూ ఎత్తరు. మన కొంప మునిగిందా?"

శశికళ చప్పున కూతురివైపు తిరిగింది. "నీకెవరు చెప్పారు?"

"అమ్మమ్మ. పోయేముందు. కులం కానివాణ్ణి చేసుకుందని తాతయ్య ఫొటోలోంచి పెద్దమ్మని కత్తిరించేశారట. కత్తెర తెచ్చిచ్చింది నువ్వేనట!"

కొట్టడానికి లేచిన శశికళ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. నిజమే. అప్పుడు తనకి పద్దెనిమిదేళ్ళు. నాన్న మెప్పు కోసం వంటింట్లోంచి కత్తెరతో పరుగెత్తుకొచ్చింది. అక్క మొహం ఉన్న ముక్క నేలమీద పడితే, దాన్ని ఊడ్చి పారేసింది కూడా తనే.

కుర్చీలో కూలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. భవిత వచ్చి పక్కన కూర్చుంది గానీ, ఓదార్చలేదు.

కాసేపటికి శశికళ కళ్ళు తుడుచుకుంది. "ఆ పేజీ ఉంచు. మీ అత్తగారితో నేను మాట్లాడతాను. లొరెట్టాగారిని నా కార్లో నేనే తీసుకొస్తాను." కూతురి ఫోన్ వైపు చూస్తూ అడిగింది. "పెద్దమ్మ నంబరుందా?"

అమ్మమ్మ రాసిచ్చిన నంబరుకి భవిత ఫోన్ కలిపి తల్లి చేతిలో పెట్టింది.

"ఎవరూ?" అంది అవతలి గొంతు.

"అక్కా... శశిని."

అవతల పిడుగు పడింది.

"ముప్పై నాలుగేళ్ళయిందే! అమ్మ పోతే కబురైనా పెట్టలేదు కదే! ఇప్పుడు గుర్తొచ్చానా?"

శశికళ వెక్కుతూ ఫోన్‌ని చెవికి ఇంకా గట్టిగా అదుముకుంది.

"తిట్టక్కా. ఎంతసేపైనా తిట్టు. ఫోన్ మాత్రం పెట్టేయకు."