వేళ్లకు తెలిసిన ఇరవై అయిదు అక్షరాలు

"హార్డ్ డిస్కు పోయిందమ్మా" అన్నాడు మెకానిక్, ఎంబ్రాయిడరీ మిషనును నడిపే కంప్యూటర్‌కు స్క్రూలు బిగిస్తూ. "కొత్తది వేశాను, ఎంబ్రాయిడరీ సాఫ్ట్‌వేర్ ఎక్కించాను. కానీ అది తెరుచుకోవాలంటే లైసెన్స్ కీ కావాలి. ఇరవై అయిదు అక్షరాలుంటాయి. కొన్నప్పుడు కాగితం ఇచ్చి ఉంటారు, చూడండి."

చిన్నకోడలు మంచం వైపు చూసింది. దాని మీద ఆస్పత్రి నర్సుల తెల్లకోట్లు నలభై, మడత విప్పకుండా ఉన్నాయి. రేపు సాయంత్రానికి ఒక్కో జేబు మీద ఒక్కో పేరు కుట్టి ఇవ్వాలి. లేకపోతే ఆ పని వేరేవాళ్లకు పోతుంది. భర్త పనిచేసే ఫ్యాక్టరీ మూతపడ్డాక, ఈ ఎనిమిది నెలలూ ఇంట్లో పొయ్యి వెలుగుతున్నది ఆ పనితోనే...

సొరుగులన్నీ బోర్లించింది. బీరువా అడుగున వెతికింది. అమ్మిన కంపెనీకి ఫోన్ చేస్తే ఆ నంబరే లేదని వచ్చింది. అప్పటిదాకా గుమ్మంలో నిలబడి చూస్తున్న అత్తగారు మెల్లగా నోరు విప్పింది.

"వెతక్కే. ఆ కాగితాలు లేవు. నేనే కాల్చేశాను. అది వేరుపడి వెళ్లిన రోజు... దాని చేతిరాత కూడా ఇంట్లో ఉండకూడదనిపించింది."

అది అంటే పెద్దకోడలు. ఆ మిషను తెచ్చిందీ, పని నేర్చుకుని తోడికోడలికి నేర్పిందీ ఆమే. రెండేళ్ల కిందట ఇల్లు వేరుపడినప్పుడు, మిషను ఇంటి సొమ్ముతో కొన్నది, ఇక్కడే ఉంటుందని అత్తగారు పదిమందిలో అంది. పెద్దకోడలు ఒక్క మాటా అనకుండా బట్టలు సర్దుకుని వెళ్లిపోయింది. ఆ రోజు తనూ నోరు మెదపలేదన్నది చిన్నకోడలి మనసులో ముల్లులా ఉండిపోయింది. రెండు వీధుల దూరమే అయినా మళ్లీ మాటల్లేవు.

ఫోన్ చేసింది. "అక్కా, నేను."

"అత్తయ్యకేమైనా అయిందా?" అంది అవతలి నుంచి.

"లేదక్కా..." అని జరిగింది చెప్పింది.

"నాకది నోటికి రాదే. వేళ్లకే వచ్చు. అప్పట్లో, బ్యాటరీ పెట్టకముందు, కరెంటు పోయి వచ్చినప్పుడల్లా ఆ కీ అడిగేది కదా, కొట్టీ కొట్టీ వేళ్లకు అలవాటైంది." ఆ వెంటనే, "పొయ్యి మీద కూర ఉంది. దించి వస్తా" అంది.

వచ్చింది. అత్తగారి వైపు చూడకుండా కుర్చీ లాక్కుని కూర్చుంది. ఒకసారి కొట్టింది, తప్పు. రెండోసారీ తప్పే. చేతులు ఒళ్లో పెట్టుకుంది.

"ఇంత నిశ్శబ్దంగా ఉంటే రాదు. నేను కొడుతున్నంతసేపూ అత్తయ్య వంటింట్లోంచి తిడుతుండేవారు. ఆ ఊపులో పోయేవి వేళ్లు." తల తిప్పింది. "ఏదో ఒకటి తిట్టండి, అత్తయ్యా."

"మా ఇంట్లో అయితే అడగక్కర్లేదు" అన్నాడు మెకానిక్.

అత్తగారు గొంతు సవరించుకుంది. "పొద్దున్నే ఆ పెట్టె ముందు కూర్చుంటే ఇల్లెవరు చూస్తారే? పాలు పొంగిపోతున్నా పట్టదు..." వేళ్లు కదిలాయి. చిన్నకోడలు పక్కన నిలబడి ఒక్కో అక్షరం రాసుకుంటోంది. "వేళకింత తిండి తినదు. చెబితే వినదు. పొమ్మంటే మాత్రం... మారు మాట లేకుండా పోయింది." వేళ్లు ఆగలేదు. "ఇంటి సొమ్మని అబద్ధమాడానే... నీ గాజులమ్మి కొన్నావని నాకు తెలుసు. చిన్నవాడి ఫ్యాక్టరీలో అప్పటికే జీతాలు సరిగా రావడం లేదు, మిషను కూడా పోతే చిన్నదాని సంసారం ఏమవుతుందోనని, నీ నోరు నొక్కేశాను."

"తెరుచుకుంది" అన్నాడు మెకానిక్ మెల్లగా.

చిన్నకోడలి చేతిలో కలం ఆగిపోయింది. "గాజుల సంగతి నాకు తెలియదక్కా..."

"తెలిస్తే ఏం చేసేదానివి?"

మాట్లాడేదాన్ని అనబోయి, ఆగింది. నిజంగా మాట్లాడేదో లేదో తనకే తెలియదు.

"మిషను తీసుకెళ్లవే. నీదే" అంది అత్తగారు.

"తీసుకెళ్తే ఇదేం తింటుంది? ఇక్కడే ఉండనివ్వండి. నేనే వస్తా రోజూ." పెద్దకోడలు కళ్లు తుడుచుకుని ఒక తెల్లకోటు అందుకుంది. జేబు భాగాన్ని చట్రంలో బిగించింది. "ముందీ నలభై కానివ్వండి. పేర్ల చీటీ ఏదీ? మీరు చదవండి, అత్తయ్యా."

అత్తగారు కళ్లజోడు పెట్టుకుని చీటీని కిటికీ వెలుతురులోకి జరిపింది. మొదటి పేరును, తప్పు దొర్లకుండా, ఒక్కో అక్షరం విడదీసి చదివింది.